కుయాకాటా చూసొచ్చిన మనిషి

చిట్టిబాబు కారు ఊటగెడ్డ రేవులో ఆగేసరికి భవాని ఇసకలో ఎండేసిన నెత్తళ్ళ చేపలు తిరగేస్తోంది. తల ఎత్తి ఎవరా అని చూసి, మళ్ళీ వంచేసింది. ఎండిన నెత్తళ్ళకున్న విలువ ఆ కారులోంచి దిగే మనిషికి లేదని ఆమె ఏడాదిన్నర కిందటే తేల్చుకుంది.

ఏడాదిన్నర కిందట ఆమె మొగుడు గున్నయ్య పారాదీప్ బోటు మీద వేటకెళ్ళి కనపడకుండా పోయాడు. నడిసముద్రంలో ఇంజను చెడింది. పైన వాయుగుండం. ఏడుగురు మనుషులు ఐదు రోజులు కొట్టుకుపోయి బంగ్లాదేశ్‌లో తేలి, అక్కడి జైల్లో పడ్డారు. ఆ కబురు ఊరికి చేరడానికే ఇరవై రోజులు పట్టింది. పెద్దవాళ్ళ చేత ఒక ఉత్తరం రాయిస్తే పని జరుగుతుందని ఎవరో చెబితే, భవాని మందసలో బస్సెక్కి, పలాసలో మారి, టెక్కలి వెళ్ళింది. అక్కడ చిట్టిబాబుది మూడంతస్తుల ఇల్లు. తాతల నాటి వరి పొలాలు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, ప్రతి పార్టీలోనూ ఒక బావమరిది. గేటు దగ్గరి మనిషి "బాబుగారు ఊళ్ళో లేరు" అన్నాడు. బాబుగారు మేడ మీద లుంగీతో నిలబడి ఉప్మా తింటున్నారు. భవాని ఆయన్ని చూసింది. ఆయనా భవానిని చూశాడు. చూసి, పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె రెండోసారి వెళ్ళలేదు. ఐదు నెలల తరవాత రెండు దేశాలూ జైళ్ళలో ఉన్న చేపల వేటగాళ్ళను ఒకరివాళ్ళను ఒకరు వదిలిపెట్టినప్పుడు గున్నయ్య కూడా వచ్చాడు. అక్కడి సంగతులు అతను చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఇప్పుడు అదే చిట్టిబాబు తెల్ల బూట్లతో ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నాడు. వెనక అతని అన్న కూతురు సుప్రజ, చేతిలో ఫోను.

"గున్నయ్య ఇల్లిదేనా?" అన్నాడు.

"ఇల్లక్కడున్నాది. ఇది సేపల కళ్ళం. తొక్కకండి," అంది భవాని.

రేవుకు ఉత్తరాన సరుగుడు తోట కొట్టించి చిట్టిబాబు రిసార్టు కట్టించిన సంగతి ఊరందరికీ తెలుసు. తుపాను కూల్చగా మిగిలిన కొబ్బరిచెట్ల మధ్య పద్నాలుగు సిమెంటు గదులు, వాటి నెత్తిన తాటాకు టోపీలు. దాని ప్రచారమంతా సుప్రజ చూసుకుంటుంది. విశాఖలో చదువుకున్న పిల్ల. ఆమె డ్రోనుతో ఒక వీడియో తీసి ఫోన్లలోకి వదిలింది. దాన్ని బంగ్లాదేశ్‌లో ఎవడో చూశాడు. అక్కడ కుయాకాటా అని ఒక యాత్రాస్థలం ఉంది. సముద్రం, కొబ్బరితోటలు, ఒడ్డుకు లాగిన పడవలు, అన్నీ మన ఉద్దానం తీరంలో ఉన్నట్టే ఉంటాయి. "ఇది మా కుయాకాటా, దొంగిలించారు" అని వాడు కింద రాశాడు. మనవాడొకడు "మా ఉద్దానాన్ని చూసి మీరే వాత పెట్టుకున్నారు" అన్నాడు. టీవీల్లో రెండు దేశాలకూ ఎలాగూ పడటం లేదు. వారం తిరిగేసరికి, సముద్రం మొహం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా సముద్రం కోసం అమ్మనాబూతులు తిట్టుకుంటున్నారు. చిట్టిబాబుకు ఇంతకన్నా చవకైన ప్రచారం దొరకదనిపించింది.

గున్నయ్య పాక ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. చిట్టిబాబును చూసి లేచాడు.

"కూర్చోరా, కూర్చో. నువ్వు జైల్లో ఉన్నప్పుడు నీ గురించి ఎంత తిరిగానో నీకు తెలీదు. ఢిల్లీ దాకా మాట్లాడాను."

"ఉప్మా తింటా మాట్లాడేరు కాబోలు," అంది భవాని వెనకనుంచి.

చిట్టిబాబుకు అర్థం కాలేదు. ఆమె మొహం కూడా అతనికి గుర్తులేదు. గుర్తుంటే బాగుండునని భవాని అనుకోలేదు గాని, గుర్తులేకపోవడం ఆమెకు మరీ నీచంగా తోచింది.

"పద్నాలుగో తారీకు ఓపెనింగ్," అన్నాడు చిట్టిబాబు. "స్టేజీ మీద రెండు ఫ్లెక్సీలు కట్టిస్తాను. ఒకటి వాళ్ళది, ఒకటి మనది. నువ్వు తేలింది ఆ కుయాకాటాలోనే గదా. జిల్లాలో రెండూ చూసినవాడివి నువ్వొక్కడివే. మైకు ముందుకొచ్చి, వాళ్ళ ఒడ్డు నరకం, మన ఒడ్డు స్వర్గం అని నాలుగు ముక్కలు చెప్పు. అంతే."

"ఏడుగురం ఎళ్ళాం బాబూ."

"మిగతా ఆరుగురూ ఒరియావాళ్ళు గదరా. వాళ్ళు తెలుగులో ఏం చెప్తారు?"

గున్నయ్య మళ్ళీ వల అందుకున్నాడు. చిట్టిబాబు నడుం మీద చెయ్యేసుకుని కళ్ళం వైపు చూశాడు. ఊళ్ళోని నలభై మంది ఆడవాళ్ళు చేపలు ఎండేసుకునే మెరక అది.

"సర్వే చేయించాను. ఈ జాగా నా నంబర్లోకే వస్తోందంట. మనలో మనం, నేను పట్టించుకోను. నువ్వు నాకు చూడు, నేను నీకు చూస్తాను. కావాలంటే వాచ్‌మన్ పని కూడా ఇస్తాను. సముద్రం మీదకి వెళ్ళక్కర్లేదు."

కారు వెళ్ళిపోయాక భవాని మొగుడి ఎదర నిలబడింది.

"నోరు అద్దెకిత్తావా మావా?"

"నలభై మంది ఎక్కడ ఎండేత్తారే? నీ నెత్తి మీదా?"

"నాను సచ్చినా ఆడి గుమ్మం ఎక్కను. నువ్వు స్టేజీ ఎక్కుతానంతన్నావు."

"నాలుగు ముక్కలే గదా."

"ఆ నాలుగు ముక్కలే ఆడికి సేతకాక నీ కాడికొచ్చాడు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు అతనికి అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు. ఆ తరవాత కూడా ముక్తసరి మాటలే.

మూడో రోజు సుప్రజ ఉపన్యాసం రాసిన కాగితం తెచ్చింది. గున్నయ్యకు చదువు అంతంతమాత్రం గనక పైకి చదివి వినిపించింది. అక్కడంతా కంపు, మురికి, ఆకలి. ఇక్కడ స్వచ్ఛమైన గాలి, బంగారు ఇసక, పచ్చటి కొబ్బరితోటలు.

"అమ్మాయిగారూ, తమరెప్పుడైనా ఆ ఊరు ఎళ్ళేరా?" అన్నాడు గున్నయ్య.

"లేదు. ఫొటోల్లో చూశాను."

"ఫొటోలో కంపెలగ తెలిసింది?"

సుప్రజ నవ్వి, కాగితం అతని చేతిలో పెట్టి, "మీరు మీకు తోచినట్టు చెప్పండి, అర్థం అదే వస్తే చాలు," అంది. గుమ్మం దగ్గర చేపలు ఏరుతున్న భవాని ఆ పిల్ల కాళ్ళకేసి చూసింది. చెప్పులకు ఇసక అంటకుండా మునివేళ్ళ మీద నడుస్తోంది. సముద్రాన్ని అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళు ఇసకంటే ఇంత అసహ్యపడటం ఆమె ఎక్కడా చూడలేదు.

పద్నాలుగో తారీకు సాయంత్రం రిసార్టు ముందు షామియానా వేశారు. ముందు కుర్చీల్లో పలాస జీడిపప్పు వ్యాపారులు, టెక్కలి ఆఫీసర్లు, విశాఖ నుంచి వచ్చిన అతిథులు. తాడు కట్టి, తాడుకు ఇవతల ఊరివాళ్ళను నిలబెట్టారు. స్టేజీ మీద ఒక్కొక్కటీ గదంత ఉన్న రెండు ఫ్లెక్సీలు. వాటి మీద పేర్లు లేవు. పలాసలో వాటిని అచ్చేసిన నిరంజన్ ఏది ఏదో రాయమంటారా అని అడిగితే, "అక్కర్లేదు, ఏది మనదో చంటిపిల్లాడికి కూడా తెలుస్తుంది" అన్నాడట చిట్టిబాబు.

చిట్టిబాబు మైకు అందుకున్నాడు. ఎడమవైపు ఫ్లెక్సీకి వేలు చూపించాడు.

"ఒకసారి చూడండి. ఇదీ వాళ్ళు గొప్పలు చెప్పుకునే ఊరు. ఆ ఇసక చూడండి, బొగ్గు పొడిలా ఉంది. ఆ పాకల్లో పందులు కూడా దూరవు. ఇలాంటి చోటికి మనిషనేవాడు విహారానికి వెళ్తాడా? ఇక్కడ బతికేవాళ్ళకి శుభ్రం అంటే తెలుసా?"

ముందు వరసలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక వ్యాపారి ఛీ అని కుర్చీ పక్కన ఉమ్మేశాడు. చిట్టిబాబు కుడివైపు తిరిగాడు. "ఇప్పుడు చూడండి మన ఉద్దానం. కళ్ళు కడిగినట్టు లేదూ?"

తాడుకు ఇవతల ఊరివాళ్ళు మెడలు సాచి చూశారు. తరవాత భవాని పక్కనున్న ముసలి అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒలే భవానీ, ఎడమ పక్కది మన కళ్ళం కాదేటే? సేపల మీద కప్పే ఆ నీలం బరకం నాది. మొన్న చినిగిపోయింది సూడు, అదే."

భవాని అప్పటికే తన పాకను గుర్తుపట్టింది. తలుపు దగ్గర ఎండుతున్న చీర కూడా తనదే. పందులు దూరని పాక ముందు ఆరేసిన చీర. ఆమెకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదటివాడు కాస్తయినా మనిషిలా కనపడాలి.

"ఇప్పుడు ఆ నరకం చూసొచ్చిన మన గున్నయ్య మాట్లాడతాడు," అని చిట్టిబాబు పిలిచాడు.

గున్నయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. కాగితం జేబులో ఉంది. మైకు ముందు నిలబడి ముందు ఎడమకు, తరవాత కుడికి, చాలాసేపు చూశాడు. జనం దగ్గడం మొదలుపెట్టారు.

"బాబూ," అన్నాడు చివరికి, "తమరు సూపించినది మన ఊరే. ఆ పాక నాదే. కుడి పక్కదే కుయాకాటా."

చిట్టిబాబు సుప్రజకేసి చూశాడు. సుప్రజ ఫ్లెక్సీలకేసి చూసి, ఫోనులో ఏదో వెతికి, తల దించుకుంది.

"తప్పు తమరిది కాదు బాబూ," అన్నాడు గున్నయ్య. అతని గొంతులో వెటకారం లేదు. "నాకూ అలగే అయింది. ఐదో రోజు తెల్లారేసరికి ఒడ్డు కనపడింది. కొబ్బరిచెట్లు, ఇసకలో పడవలు, నెత్తళ్ళు ఎండేసున్నాయి. దేవుడు ఇంటికి తోలేసేడనుకున్నాను. బోటు మీంచి దూకి ఈదుకుంటా ఎళ్ళిపోనాను. ఒక ఆడమనిషి వంగి సేపలు తిరగేత్తంది. భవానీ అని కేకేసేను. ఆవిడ తిరిగింది. భవాని కాదు."

గున్నయ్య జేబులోంచి కాగితం తీశాడు.

"ఆవిడికి నా మాట తెలీలేదు. నాకు ఒరియా వచ్చు. నీళ్ళడగడానికి పాణి అన్నాను. ఆళ్ళకీ పాణే. తెచ్చి పోసింది. అన్నం ఎట్టింది. మా ఏడుగురికీ పోలీసులొచ్చేదాకా ఆళ్ళ పాకలోనే పక్కలేసేరు. ఈ కాగితంలో అది నరకమని రాసున్నాది. నరకం నాను సూళ్ళేదు బాబూ. జైలు సూసేను. జైలు ఏ దేశంలోనైనా జైలే. ఒడ్డంటారా, ఆళ్ళదీ కంపే, మనదీ కంపే. సేపలు ఎండితే కంపు రాదేటి మరి?"

అక్కడితో మైకు ఆగిపోయింది. ముందు వరసల్లోంచి ఎవడో "అంత బాగుంటే అక్కడికే పోరా" అన్నాడు. ఇంకొకడు దేశద్రోహి అన్నాడు. ఆ మాట అన్నవాడి చేతిలో రిసార్టు వాళ్ళిచ్చిన ఉచిత కొబ్బరిబోండం ఉంది.

తాడు వెనక భవాని బిగుసుకుపోయి నిలబడింది. పరాయి ఒడ్డున మొగుడు తన పేరు పెట్టి కేక వేశాడని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆ మాట మొట్టమొదట తన చెవిన పడాల్సింది. ఈ బోండాలు తాగేవాళ్ళ చెవిన పడింది.

ఇంటికి నడుస్తుంటే దారిలో అడిగింది. "ఆవిడ నాలాగుంటాదా?"

"నేదు. నీకన్నా మంచిది. అరవదు."

"మరెందుకొచ్చేసేవు? ఉండిపోకపోనావా?" అంది భవాని. రెండు వారాల తరవాత ఆమె అతనితో సరిగ్గా మాట్లాడిన మాట అదే. అతని భుజం మీద చెయ్యి వేసి చీకటి పడకముందే ఇల్లు చేరింది.

చిట్టిబాబు తన తప్పును నిరంజన్ మీదకు తోశాడు. సుప్రజ తాను పెట్టిన సభ వీడియోను తొలగించింది గాని అప్పటికే ఎవరో గున్నయ్య మాటల్లోంచి మధ్య ముక్క కోసి పంచేశారు. ఫోన్లలో వాళ్ళు అతన్ని రెండు రోజులు తిట్టి మూడో రోజు మరిచిపోయారు. చిట్టిబాబు మరిచిపోలేదు. నాలుగో రోజు పొద్దున్నే కళ్ళం చుట్టూ రాతి స్తంభాలు పాతించి ముళ్ళతీగ లాగించాడు. లోపల ఎండుతున్న చేపలు లోపలే ఉండిపోయాయి. వాటిని కాకులు తిన్నాయి.

"నావల్లే," అన్నాడు గున్నయ్య.

"నీవల్ల కాదు. నువ్వు ఆ కాగితం సదివున్నా పాతించేవోడే. ఆడి మొహం సూస్తే తెలీదేటి?" అంది భవాని. తరవాత పాక బయటికొచ్చి అటూ ఇటూ చూసింది. రిసార్టుకు కార్లు రావడానికి పంచాయతీ డబ్బులతో కొత్తగా పోసిన సిమెంటు రోడ్డు తెల్లగా మెరుస్తోంది. రైతులు దాని మీద అప్పుడే ఒక పక్క వడ్లు ఎండేసుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నానికి రెండో పక్క నెత్తళ్ళు పరిచారు. మర్నాడు అసిరమ్మ కానాగంత చేపలు తెచ్చింది. శనివారానికి నలభై మంది ఆడవాళ్ళ చేపలూ రిసార్టు గేటు దాకా బారులు తీరాయి. ఆదివారం విశాఖ నుంచి వచ్చిన కార్లు అద్దాలు ఎత్తుకుని, ఒక చక్రం వడ్లలో, ఒక చక్రం మట్టిలో పెట్టి పాక్కుంటూ వెళ్ళాయి. సాయంత్రానికి సగం కార్లు తిరిగి వచ్చేశాయి. గాలి సముద్రం వైపునుంచి కాక పొలాలవైపునుంచి వీచే కాలం. వాసన తిన్నగా పద్నాలుగు గదుల్లోకీ పోతోంది.

సోమవారం చిట్టిబాబు వచ్చాడు. కారు దిగకుండా అద్దం దించాడు.

"ఏంటిది? ఇది రోడ్డు."

"అవును బాబూ. మంచి రోడ్డు," అంది భవాని. "కళ్ళంలో మూడు రోజులకి ఎండేవి. ఇక్కడ ఒక్కరోజుకే గలగలమంతన్నాయి. తమరి పుణ్యం."

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలండి. ఆళ్ళూ కొనుక్కుంటారు. ఒడ్లు ఎండేసిన రైతుల్ని కూడా తీసుకెళ్ళమనండి. ఆళ్ళ ఓట్లతో తమరి బావమరదికి పనున్నాదేమో అడిగి మరీ పిలండి."

చిట్టిబాబు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఈ కంపు ఎలా భరిస్తున్నారు మీరు?"

"కంపు మనకెందుకుంటాది బాబూ? అది ఆళ్ళ ఒడ్డున గదా ఉండేది. తమరి కాగితంలో అలగే రాసేరు."

రోడ్డు మీద ఆడవాళ్ళందరూ నవ్వారు. చిట్టిబాబు అద్దం ఎత్తేశాడు. డ్రైవరు వెనక్కి తీయబోతే చక్రం కింద అసిరమ్మ కానాగంతలు నాలుగు నలిగాయి. ఆమె వాటిని ఏరి కారు బానెట్ మీద వరసగా పేర్చి పెట్టింది. డ్రైవరు దిగి వాటిని తీసి చేతులు తుడుచుకునేదాకా కారు కదల్లేదు.

నాలుగు ఆదివారాలు అలాగే గడిచాయి. రిసార్టులో వంటవాళ్ళు తామే వండుకుని తాము తిన్నారు. చిట్టిబాబు టెక్కలి ఆఫీసులకు తిరిగాడు. అక్కడ తేలింది ఏమిటంటే, కళ్ళం జాగా అతని నంబర్లో లేదు, సముద్రపు పోరంబోకు. ఆ మాట ఊళ్ళోవాళ్ళకు తాతల నాటి నుంచీ తెలుసు.

ఐదో వారం సుప్రజ ఒక్కతే వచ్చింది. ఈసారి మామూలుగానే నడిచింది. చెప్పుల నిండా ఇసక.

"కంచె తీయించేస్తామని బాబాయ్ చెప్పమన్నారు. మీరు రోడ్డు ఖాళీ చేస్తే."

"బాబుగారెందుకు రాలేదు?"

"పనుందన్నారు."

"మేడ మీద టిఫిను తింతన్నారా?" అంది భవాని. ఆ పిల్ల ఎండలో అలాగే నిలబడి ఉండటం చూసి భవాని కాస్త మెత్తబడింది, కాస్తే. "ముందు రాళ్ళు పీకించండి. గోతులు కూడా పూడ్పించండి. తరవాత సూద్దాం."

రాళ్ళు పీకించారు. గోతులు పూడ్చారు. ఆడవాళ్ళు రోడ్డు ఖాళీ చేయడానికి మరో పది రోజులు తీసుకున్నారు. ఎవరైనా తొందరపెడితే, ఎండాల గదా అన్నారు. ఆ తరవాత రిసార్టు వాళ్ళ ప్రచారంలో కొత్త మాట ఒకటి మొదలైంది. ప్రజల కోరికను మన్నించి చిట్టిబాబుగారు కళ్ళం జాగాను గ్రామానికి దానం చేశారట. దారి మొదట్లో ఒక బోర్డు కూడా పెట్టారు, "మత్స్యకార పల్లె దర్శనం" అని, దర్శనానికి వేళలతో సహా.

గున్నయ్యకు వాచ్‌మన్ పని రాలేదు. వచ్చినా చెయ్యనిచ్చేది కాదు భవాని. ఆ నెలాఖరున పారాదీప్ నుంచి బోటు నడిపే సరంగు ఫోను చేశాడు. గున్నయ్య పక్కబట్టలు కట్టుకున్నాడు. ఆమె మందస దాకా వెళ్ళి బస్సెక్కించింది. భయమేస్తోందని అనలేదు. "ఇంజను సూసుకుని ఎక్కు. ఆ సరంగు తెలివి నాకు తెల్సు," అంది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఆ తరవాత తిరిగి వచ్చి చేపలు పరిచింది.

ఆదివారం దర్శనానికి కొందరు వచ్చారు. నల్ల కళ్ళద్దాలాయన ఒకడు కళ్ళం అంచున నిలబడి ఆమె ఫొటో తీసుకున్నాడు. ఒకటి తీసి, కొంచెం నవ్వమన్నాడు. భవాని నవ్వలేదు.

"ఇది అచ్చం బంగ్లాదేశ్‌లో ఊరిలా ఉంటుందట కదా. నిజమేనా?" అని అడిగాడు.

"సేపలు కొంటావా బాబూ?"

"కొనను. ఊరికే అడిగాను."

"ఐతే ఎండకి అడ్డం తప్పుకో," అని భవాని ఆ వరస నెత్తళ్ళు తిరగేసి, రెండో వరసకు జరిగింది.